బిడ్డ నిద్రపోయాక రాసినవి

మన ఆడవాళ్ళు రాసిన కథల మీద, కవితల మీద సభల్లో తరచుగా వినిపించే మాట ఒకటుంది. "వస్తువు బాగుంది, ఇంకాస్త విస్తరించి ఉంటే బాగుండేది." పత్రికల సమీక్షల్లో ఇదే మాట కొంచెం పెద్దరికంగా వస్తుంది. క్లుప్తత వల్ల పాత్రలు నిలదొక్కుకోలేదంటారు. నవల కావలసింది కథగా మిగిలిపోయిందంటారు. పదిహేనేళ్ళుగా వింటున్నాను. అనేవాళ్ళు చెడ్డవాళ్ళేమీ కాదు, చాలామంది మనవాళ్ళే. కానీ ఆమె విస్తరిస్తూ కూర్చున్నంతసేపూ బిడ్డ ఎవరి చంకలో ఉండాలో ఇంతవరకు ఎవరూ అడగ్గా నేను వినలేదు.

ఈ వ్యాసంలో నేను చెప్పదలచుకున్నది ఒక్కటే. రచన ఎంత పొడవుంది, ఎలా నడిచింది, ఎక్కడ ఆగింది అన్నవాటికీ రాసిన మనిషి రోజు ఎలా గడుస్తుందన్నదానికీ గట్టి సంబంధం ఉంది. ఆ రోజును చదవకుండా రచనను చదివే విమర్శ సగం చదువే. అలాగని తల్లి రాసింది కదా, పాపం, మెచ్చుకుందాం అనడం లేదు. ఆ సంగతికి తర్వాత వస్తాను.

విశాఖపట్నం రచయితలను నిలదీసిన ఊరు. 1970 ఫిబ్రవరిలో శ్రీశ్రీ షష్టిపూర్తికి రాష్ట్రం నలుమూలల నుంచి రచయితలు ఇక్కడ చేరినప్పుడు విద్యార్థులు కరపత్రం పంచి మీరు ఎటువైపు ఉన్నారని అడిగారు. ఆ వేడిలోనే ఆ ఏడాది జులై 4న హైదరాబాదులో విరసం పుట్టింది. అప్పటి చర్చ వర్గం చుట్టూ తిరిగింది. రాసే మనిషి ఇంట్లో గిన్నెలు ఎవరు తోముతున్నారు, బిడ్డకు జ్వరం వస్తే రాత్రి ఎవరు మేలుకుంటున్నారు అన్నది ఆ రోజుల్లో సాహిత్య ప్రశ్నగా లెక్కకు రాలేదు. దాన్ని సాహిత్య ప్రశ్న చేసింది స్త్రీలే. 1980ల నుంచి వచ్చిన స్త్రీవాద కవిత్వం, 1993లో వచ్చిన 'నీలిమేఘాలు' సంకలనం చదివినవాళ్ళకు ఇది కొత్త సంగతి కాదు.

ఆ తరం రచనల్లో రెండింటిని తీసుకుంటాను. టీచర్ ట్రైనింగులో ఉన్నప్పుడు హాస్టలు గదిలో చేతులు మారి వచ్చిన జిరాక్సు కాగితాల్లో చదివాను రెండూ. ఒకటి పి. సత్యవతి గారి కథ 'ఇల్లలకగానే'. ఇల్లు అలుకుతూ అలుకుతూ ఒక గృహిణి తన పేరు మరిచిపోతుంది. అందరూ ఆమెను ఏదో ఒక వరసతో పిలిచేవాళ్ళే, పేరు తెలిసినవాళ్ళు లేరు. వెతుక్కుంటూ వెళితే చిన్ననాటి స్నేహితురాలి దగ్గర దొరుకుతుంది ఆ పేరు. దానితోపాటు తాను పాడేదన్నదీ, బొమ్మలు వేసేదన్నదీ గుర్తుకొస్తుంది. చాలా మంచి కథ. ఆమె పేరు, ఆమె కళ ఒకేచోట పోయి ఒకేచోట దొరకడం కథలోని అసలు తెలివి.

అయినా చదివినప్పుడు నాకు ఎక్కడో అతకలేదు. మా వైపు ఆడమనిషిని బిడ్డ పేరుతో ఫలానావాడి తల్లి అనో, పుట్టిన ఊరి పేరుతోనో పిలుస్తారు. ఆ పిలుపులో పేరు పోయిందని ఎవరూ బాధపడరు. మనం పేరు పోగొట్టుకున్న చోటు వేరు. సోమవారం పుట్టిన సోమి, గురువారం పుట్టిన గురువారి, శుక్రవారం పుట్టిన సుక్రి బడి మెట్లెక్కి రిజిస్టరులో వేరే పేర్లతో దిగారు. ఆ పని చేసినవాళ్ళు మంచే చేస్తున్నామనుకున్నారు. నేను చదివిన బడిలో నా తరగతిలోనే నలుగురికి అలా జరిగింది. కాబట్టి అదే కథ మన ఊళ్ళలో జరిగితే ఆమె పేరు వెతుక్కుంటూ వెళ్ళేది స్నేహితురాలి ఇంటికి కాదు, అడ్మిషన్ రిజిస్టరు అందని ముసలమ్మ దగ్గరికి. ఈ తేడాను చెప్పడం సత్యవతి గారి కథను తగ్గించడం కాదు. ఆ కథ చూపిన దారిలో మనం రాయాల్సిన కథ ఒకటి ఇంకా మిగిలి ఉందని చెప్పడం.

రెండోది విమల గారి కవిత 'వంటిల్లు'. వంటింటి వాసనల్లో మొదలై వంటిళ్ళను కూలగొట్టాలన్న కోపం దాకా వెళుతుంది. అక్కడ గిన్నెల మీద తండ్రి పేరే ఉంటుందన్న గమనింపు చదివాక ఏ ఇంటి గిన్నెనైనా తిరగేసి చూడకుండా ఉండలేం. దీని మీద దళిత స్త్రీలు అప్పట్లోనే గట్టిగా మాట్లాడారు. మా అమ్మలు వంటింట్లో బందీలు కారు, పొలంలో, దొర ఇంటి ముంగిట పొద్దంతా వంగి ఉన్నారు, మా చెర వేరు అన్నారు. 2003లో గోగు శ్యామల సంపాదకత్వంలో వచ్చిన 'నల్లపొద్దు' చదవండి, ఆ మాట ఎంత బలమైందో తెలుస్తుంది.

మన మాట ఇంకోటి. మా ఇంట్లో వంటిల్లు అని విడిగా ఏదీ లేదు. ఒకటే గది. ఒక మూల పొయ్యి, దాని మీద అటక, అటక మీద ఎండిన విత్తనాలు. చోడి అంబలి పొద్దున కాస్తే సాయంత్రం దాకా అదే. అమ్మ ఆ గదిలో ఉండేది తక్కువ. పోడులో, గెడ్డ దగ్గర, అడవిలో, సంతలో ఉండేది. చంటిబిడ్డను వీపున గుడ్డతో కట్టుకుని అన్నిచోట్లకూ తిరిగేది. ఇంటిపట్టున ఉండి పిల్లల్ని పెంచే తల్లి అన్న మాట మా ఊళ్ళో ఎవరికైనా చెబితే ఒంట్లో బాగోలేదా అని అడుగుతారు.

ఇక్కడ మనం ఒకటి జాగ్రత్తగా చూసుకోవాలి. బయటి నుంచి వచ్చి రాసేవాళ్ళు, మనలో కొందరు కూడా, ఆదివాసీ సమాజంలో పిల్లల్ని ఊరంతా పెంచుతుందని రాస్తారు. చదవడానికి హాయిగా ఉంటుంది. కొంత నిజం కూడా. కానీ బడిలో పాఠం చెప్పే మనందరికీ తెలుసు, ఆ ఊరంతా అంటే ఎక్కువసార్లు తొమ్మిదేళ్ళ అక్క. "చెల్లిని చూసుకోవాలి టీచర్" అని వారానికి మూడు రోజులు రాని పిల్ల. వచ్చినా చంకలో బిడ్డతో వరండాలో కూర్చుని కిటికీలోంచి పాఠం వినే పిల్ల. తల్లి వీపు నుంచి దిగిన బిడ్డ ఆ పిల్ల నడుము మీదకు ఎక్కుతుంది. మన సాహిత్యంలో రాయకుండా ఆగిపోయిన మొదటి రచయిత్రి ఆమే. వంటిల్లు కవితకు మనం ఇవ్వాల్సిన జవాబు ఆమె గురించి ఉండాలి. ఎవరైనా యువకులు ఈ పుస్తకం చదువుతూ ఏం రాయాలా అని ఆలోచిస్తుంటే, మీ అక్కను అడగండి, ఆమె బడి ఏ తరగతిలో ఆగింది, అప్పుడు ఇంట్లో చంటిబిడ్డ ఎవరు అని. కొందరికి జవాబులో తమ పేరే వినిపిస్తుంది.

మరి ఇంత పనిలో మన అమ్మలు ఏమీ అల్లలేదా? బోలెడు అల్లారు. ఎలా అల్లారో చూస్తే రూపం గురించి మనకు చాలా తెలుస్తుంది. కలుపు తీసే పాటను గమనించండి. ఒకరు ఒక మాట అందుకుంటారు, మిగతావాళ్ళు పల్లవి పాడతారు. మధ్యలో బిడ్డ ఏడిస్తే ఒకామె గట్టు మీదకు వెళ్ళి పాలిచ్చి తిరిగి వస్తుంది. ఆమె వచ్చేసరికి పాట ముందుకు వెళ్ళిపోయి ఉండదు, పల్లవి మళ్ళీ వస్తుంది, అక్కడ కలుస్తుంది. పల్లవి అంటే తిరిగి వచ్చినవాళ్ళు దిగే రేవు. పాట పండితులు దాన్ని పునరుక్తి అంటారేమో కానీ పని మధ్యలో లేచిపోవాల్సిన మనుషులు తయారు చేసుకున్న ఏర్పాటు అది. జోలపాట ఇంకా విచిత్రం. దానికి వినేవాడు బిడ్డే, ముగింపు కూడా బిడ్డే. నిద్ర పడితే ఆగుతుంది, పట్టకపోతే చరణం పెరుగుతుంది. ఎక్కడ ముగించాలన్నది పాడే మనిషి చేతిలో లేని కవిత్వరూపం అది.

అంటే బిడ్డ పని, అల్లిక పని పక్కపక్కనే నడిచే రూపాలు మనకు ఉన్నాయి. కాగితం మీద రాత వచ్చాకే ఆ రెండూ విడిపోయాయి. రాయాలంటే రెండు చేతులూ కావాలి, కళ్ళు కావాలి, బిడ్డ వైపు తిరగని వీపు కావాలి. బిడ్డను వీపున కట్టుకుని పాడవచ్చు కానీ కట్టుకుని కథ రాయడం చాలా కష్టం. ప్రయత్నించాను కాబట్టే చెబుతున్నాను, బిడ్డ కలం లాక్కుంటుంది.

కొండ దిగి ఊరు చేరాక విడిపోవడం పూర్తయింది. రెండో కాన్పు తర్వాత నేను మూడేళ్ళు జీతం లేని సెలవు పెట్టి గాజువాక వైపు అద్దె ఇంట్లో ఉన్నాను. మూడో అంతస్తు, రెండు గదులు. కిందికి దిగితే లారీలు, పైకెక్కితే నీళ్ళ ట్యాంకు. అత్త లేదు, ఆడపడుచు లేదు, గట్టు మీద ఎత్తుకునే మనిషి లేదు. మా ఇంట్లో తరతరాలుగా ఎవరూ చేయని పని నేను చేశాను: పొద్దున్నుంచి రాత్రి దాకా నాలుగు గోడల మధ్య ఒక్కదాన్నే పిల్లల్ని పెంచడం. పట్నం ఆడవాళ్ళు రాసిన వంటిల్లు అప్పుడు నాకు అర్థమైంది, పదేళ్ళ తర్వాత. అది మన వారసత్వం కాదు, కానీ ఉద్యోగాల కోసం కొండ దిగుతున్న మన పిల్లలందరికీ ముందు ఉన్నది అదే. మీలో చాలామంది ఆ ఇంటికే వెళతారు.

మా ఆయన ఉక్కు కర్మాగారంలో కాంట్రాక్టు పని చేసేవాడు. ఆ ఉద్యోగుల కాలనీల్లో, చుట్టుపక్కల ఊళ్ళలో గడియారం కంటే షిఫ్టు పెద్దది. ఏ షిఫ్టు పొద్దున ఆరింటికి, బీ షిఫ్టు మధ్యాహ్నం రెండింటికి, సీ షిఫ్టు రాత్రి పదింటికి. మారుతూ ఉంటాయి. ఏ షిఫ్టు రోజుల్లో నాలుగింటికి పొయ్యి వెలగాలి. సీ షిఫ్టు రోజుల్లో పగలు ఆయన పడుకుంటాడు కాబట్టి పిల్లలు గోల చేయకుండా బయట తిప్పాలి. బీ షిఫ్టులో పదిన్నరకు అన్నం వేడి చేయాలి. రచన ఎలా చేయాలో చెప్పే పుస్తకాలన్నీ ఒకటే చెబుతాయి: రోజూ ఒకే సమయంలో కూర్చో, తెల్లవారుజామున లే, గంట రాయి, క్రమం తప్పకు. ఏ తెల్లవారుజాము? ఏ షిఫ్టుదా, సీ షిఫ్టుదా? ఆ సలహా ఇచ్చినవాళ్ళ ఇంట్లో షిఫ్టులు లేవు, లేదా షిఫ్టుకు అన్నం పెట్టే మనిషి వేరే ఉంది.

ఇది నా ఒక్కదాని సొద కాదు. జాతీయ గణాంక కార్యాలయం 2019లో దేశమంతటా ఎవరు ఏ పనికి ఎంత సమయం పెడుతున్నారో లెక్క తీసింది. జీతం లేని ఇంటిపని చేసే ఆడవాళ్ళు దానికి రోజుకు 299 నిమిషాలు పెడుతున్నారు, చేసే మగవాళ్ళు 97. పిల్లల్ని, ముసలివాళ్ళను చూసుకునేవాళ్ళలో ఆడవాళ్ళు 134 నిమిషాలు, మగవాళ్ళు 76. రెండూ చేసే తల్లికి కలిపితే ఏడు గంటల పైమాటే. మనవాళ్ళకు కట్టెలు, నీళ్ళు, సంత విడిగా ఉంటాయి. ఒక నవలకు కావలసిన గంటలు ఎక్కడున్నాయని అడిగేవాళ్ళకు ఈ అంకెలు చూపించండి.

ఇంగ్లీషు రచయిత్రి వర్జీనియా వుల్ఫ్ 1929లోనే ఈ ప్రశ్న వేసింది. ఆడది రాయాలంటే సొంత గది, ఏడాదికి ఐదు వందల పౌన్ల ఆదాయం ఉండాలంది. మంచి మాటే. కానీ అమెరికా నల్లజాతి రచయిత్రి ఆలిస్ వాకర్ 1974లో రాసిన ఒక వ్యాసంలో ఆ మాటను పట్టుకుని, సొంత గది మాట సరే, తన ఒంటి మీద తనకే హక్కు లేని బానిస స్త్రీ సంగతేమిటని అడిగింది. వాకర్ ఆ తల్లికి ఎనిమిదో సంతానం. తల్లి పొలంలో పనిచేసి, పిల్లల బట్టలు కుట్టి, పొద్దుపోయాక పూలమొక్కలు పెంచింది. తన కథల్లో తల్లి కథలు చెప్పే తీరే ఉందని గుర్తించింది కూతురు. గదీ ఆదాయమూ లేని తల్లి కళ ఏ రూపంలో బతికిందో వెతకమంది. విమర్శకు మనం నేర్చుకోవాల్సిన పద్ధతి ఇదే అనిపిస్తుంది నాకు. గది లేదు కాబట్టి సాహిత్యం లేదు అని తీర్పు చెప్పి లేచిపోకుండా, గది లేనిచోట అది ఎక్కడ దాక్కుందో చూడటం.

మన దేశంలోనే ఇంకా దగ్గరి ఉదాహరణలు ఉన్నాయి. బెంగాలీలో తొలి ఆత్మకథ రాసింది రాససుందరీ దేవి, 1876లో అచ్చయిన 'ఆమార్ జీబన్'. పన్నెండు మంది పిల్లల తల్లి. ఆడదానికి చదువు తప్పన్న రోజులు. ఇంట్లో ఉన్న చైతన్య భాగవతంలోని ఒక ఆకు తీసి వంటింట్లో దాచుకుంది, కొడుకు అక్షరాలు దిద్దిన తాటాకు పక్కన పెట్టుకుని రెండూ పోల్చుకుంటూ చదవడం నేర్చుకుంది. టీచర్లు ఇక్కడ ఒక్క క్షణం ఆగండి. ఆమెకు అక్షరాభ్యాసం చేయించింది చంటివాడి దిద్దుడు ఆకు. మన బడి పిల్లాడు ఇంటికి తీసుకెళ్ళే కాపీ పుస్తకం తల్లి ఎప్పుడైనా తెరిచి చూస్తుందేమో మనకు తెలియదు. నేను మా పిల్లల పుస్తకాల్లో పై గీతలో ఒక్కో వాక్యం పెద్దక్షరాలతో ఎందుకు రాస్తానో ఇన్నాళ్ళూ ఎవరికీ చెప్పలేదు.

రెండో ఉదాహరణ బేబీ హల్దార్. ఈమె మనలాగే ఉక్కు ఊరిలో బతికిన మనిషి, దుర్గాపూర్‌లో. చిన్నతనంలోనే పెళ్ళి, దెబ్బలు, ముగ్గురు పిల్లలు. ఆ పిల్లల్ని తీసుకుని రైలెక్కి ఢిల్లీ వైపు వచ్చి ఇళ్ళల్లో పనికి కుదిరింది. గుర్గావ్‌లో ఆమె పనిచేసిన ఇంటి పెద్దాయన ప్రబోధ్ కుమార్, మానవశాస్త్రం ప్రొఫెసరుగా చేసి రిటైరైనవాడు, ప్రేమ్‌చంద్ మనవడు. అరల్లో పుస్తకాలు తుడుస్తూ ఆమె ఆగి చూడటం గమనించి చదవడానికి పుస్తకం ఇచ్చాడు, తర్వాత నోటుపుస్తకం, కలం ఇచ్చి నీ జీవితం రాయమన్నాడు. పనంతా అయ్యాక రాత్రి రాసేది. ఆ బెంగాలీ రాతను ఆయనే హిందీ చేస్తే 2002లో 'ఆలో ఆంధారి'గా వచ్చింది, 2006లో ఇంగ్లీషులోకి వెళ్ళి దేశదేశాలు తిరిగింది.

ఆ పుస్తకాన్ని మన సమీక్షకుల కళ్ళతో చదివితే బోలెడు లోపాలు పట్టవచ్చు. నేను అని మొదలైన మాట కొన్నిచోట్ల హఠాత్తుగా బేబీ అని మూడో మనిషి మాట అయిపోతుంది. సంఘటన తర్వాత సంఘటన, మధ్యలో ఆలోచన తక్కువ. కానీ ఆ జారుడు ఎక్కడ జరుగుతుందో చూడండి. తాను చిన్నపిల్లగా భరించలేని వాటిని చెప్పేటప్పుడు ఆమె తనను తాను దూరం నుంచి చూస్తుంది, పక్కింటి పిల్లను చూసినట్టు. రాత్రి పూట, అలిసిన ఒంటితో, పిల్లలు పక్కన పడుకుని ఉండగా రాసే మనిషికి ఆ దూరం కావాలి. దాన్ని వ్యాకరణ దోషం అని దిద్దేసి ఉంటే పుస్తకం గుండె పోయేది. సంపాదకులుగా ఉన్న మన పెద్దలకు ఇది చెబుతున్నాను, దిద్దే ముందు ఒకసారి అడగండి.

ప్రబోధ్ కుమార్ చేసింది నోటుపుస్తకం ఇవ్వడం ఒక్కటే కాదు. ఆమె పిల్లలతో సహా ఉండటానికి తన ఇంట్లోనే చోటిచ్చాడు. ప్రోత్సాహం అన్న మాటకు మనవాళ్ళు చప్పట్లు, శాలువా అని అర్థం చెప్పుకుంటున్నారు. పిల్లలకు చోటు అన్నది ఆ అర్థంలో ఇంకా చేరలేదు.

ఇప్పుడు మెచ్చుకోలు సంగతి. తల్లి రాసిన చిన్న రచన అంతా గొప్పదా? కాదు. ఈ సంకలనం కోసం, అంతకుముందు మనం పెట్టుకున్న శిబిరాల కోసం వచ్చిన చేతిరాతలు చాలా చదివాను. చిన్నదనం రెండు రకాలుగా ఉంటుంది. ఒకటి అల్లుకున్న చిన్నదనం. రెండోది సమయం అయిపోయిన చిన్నదనం. రెంటినీ వేరు చేయడమే విమర్శకుడి పని, రెంటినీ కలిపి క్లుప్తత అనేస్తే ఆ పని జరగలేదు.

ఒక చేతిరాత పేజీన్నర. ఒకామె కొండచీపుళ్ళ మోపు నెత్తిన, బిడ్డ వీపున పెట్టుకుని సంతకు వెళ్ళి, అమ్ముడుపోని మోపుతో తిరిగి వస్తుంది. దారిలో గెడ్డ దగ్గర మోపు దించుతుంది, బిడ్డను దించదు. దించితే నిద్ర లేస్తుంది. అలాగే నిలబడి నీళ్ళు తాగుతుంది. అంతే. ఇందులో ఒక్క వాక్యం పెంచినా చెడుతుంది. రాసినామెకు వంగకుండా నీళ్ళు తాగడం ఎలాగో ఒంటికి తెలుసు, అది తెలిసినవాళ్ళే ఇలా ఆపగలరు. అమెరికా కవయిత్రి లూసిల్ క్లిఫ్టన్‌కు ఆరుగురు పిల్లలు, 1969లో మొదటి పుస్తకం వచ్చేనాటికి అందరూ చిన్నవాళ్ళే. ఆమె పద్యాలు ఎంత పొట్టివో అంత నిండుగా ఉంటాయి. ఆ పొట్టిదనం ఎవరికీ లోటుగా కనిపించలేదు.

రెండో రకం ఇలా ఉంటుంది. పచ్చని కొండలు, గలగలపారే గెడ్డ, అమాయకమైన మనుషులు అని మొదలవుతుంది. మధ్యలో అప్పుల షావుకారు వస్తాడు, అక్కడ రెండు పేరాలు నిజంగా బాగుంటాయి, మాటల్లో ప్రాణం ఉంటుంది. ఆ తర్వాత ఒక్కసారిగా అందరూ ఏకమై పిడికిలి బిగిస్తారు, కథ అయిపోతుంది. ఆ నినాదం తప్పని కాదు. నేను ఇలాంటి కథ రాసిన ఇద్దరు ముగ్గురిని అడిగాను, చివరి పేరా ఎప్పుడు రాశావని. మర్నాడు పంపాల్సి వచ్చింది అక్కా, బాబుకు ఒంట్లో బాగోలేదు, అలా ముగించేశాను అన్నారు. మొదటి పేరా కూడా అంతే. ఖాళీ సమయం లేనప్పుడు చేతికి ముందు అందేది వాడిన మాట. పచ్చని కొండలు, పిడికిలి రెండూ అంగట్లో దొరికే సరుకు. కాబట్టి ఈ కథకు విమర్శ ఏం చెప్పాలి? విస్తరించమని కాదు. మొదటి పేరా, చివరి పేరా తీసెయ్యి, షావుకారు దగ్గర ఆగు అని చెప్పాలి. పిల్లలున్న తల్లికి ఈ సలహా పనికొస్తుంది, పావుగంటలో చేయగలదు. విస్తరించమన్న సలహాకు ఆమె దగ్గర ఏడాది లేదు.

విడతలు విడతలుగా రాయడం నేర్చుకోవాలి మనం. నేను రాసే పద్ధతి గొప్పదేమీ కాదు. పొయ్యి దగ్గర మా ఇంటి ఆదివాసీ ఒడియా మాటల్లో ఫోనులో చెప్పుకుంటాను, పిల్లల అరుపులు కూడా అందులోనే పడతాయి. తర్వాత విని తెలుగులో రాస్తాను. విన్నప్పుడు ఒక సంగతి తెలిసింది. పిల్లకు సమాధానం చెప్పి మళ్ళీ కథలోకి వచ్చినప్పుడు నేను ప్రతిసారీ ఏదో ఒక మాట తిరిగి అంటున్నాను, కలుపు పాటలో పల్లవి దగ్గర దిగినట్టు. మొదట్లో వాటిని కొట్టేసేదాన్ని. ఇప్పుడు కొన్ని ఉంచుతున్నాను.

మగవాళ్ళ సంగతి చెప్పకుండా ఇది పూర్తి కాదు. ఉత్తరాంధ్ర నుంచి ఆదివాసీ కథ గురించి మాట్లాడితే మల్లిపురం జగదీశ్ 'శిలకోల' పేరు ముందుకు వస్తుంది, రావాల్సిందే. ఆడవాళ్ళ పేర్లు చెప్పమంటే కోయల నుంచి పద్దం అనసూయ, లంబాడీల నుంచి సూర్యా ధనంజయ్ అని తెలంగాణ వైపు చూస్తాం, జార్ఖండ్ దాకా వెళ్ళి నిర్మలా పుతుల్, జసింతా కెర్కెట్టా అంటాం. మన అరకు, పాడేరు, సీతంపేట వైపు బడుల్లో ఇంతమంది ఆడ టీచర్లు ఉండి ఒక్కో చేతి వేళ్ళ మీద లెక్కపెట్టుకోవాల్సి రావడం ఏమిటి? చదువు లేక కాదు, చెప్పడానికి లేక కాదు. మన మగ రచయితల పుస్తకాల్లో ముందుమాట చివర ఒక వాక్యం ఉంటుంది, నా రచనా వ్యాసంగానికి సహకరించిన శ్రీమతికి అని. ఆ ఒక్క వాక్యంలో ఎన్ని రాత్రుల జ్వరాలు, ఎన్ని స్కూలు మీటింగులు ఇమిడి ఉన్నాయో విప్పి రాస్తే అదే ఒక పుస్తకం. సీ షిఫ్టు చేసి వచ్చి కూడా పొద్దున రెండు గంటలు పిల్లల్ని ఎత్తుకుని మెట్ల మీద కూర్చున్న మగవాడిని నేను చూశాను కాబట్టి ఇది కుదరదని ఎవరన్నా నమ్మను. ఆయన పేరు నేను ముందుమాటలో రాస్తాను, శ్రీవారు అని మాత్రం కాదు.

సభలు కూడా చూసుకోవాలి. ఊరి నడిబొడ్డున హాల్లో సాయంత్రం ఆరింటికి అని వేసి ఏడింటికి మొదలుపెట్టి తొమ్మిదిన్నరకు ముగించే సభకు చంటిబిడ్డ తల్లి ఎలా వస్తుంది? వచ్చినా బిడ్డ ఏడిస్తే వేదిక మీది వక్త ఆగి చూసే చూపు నాకు తెలుసు. పాడేరు నుంచి వచ్చే అమ్మాయికి తిరుగు బస్సు ఉండదు. ఆదివారం పొద్దున పది నుంచి ఒంటిగంట దాకా పెట్టి, పక్కన ఒక చాప, నాలుగు బొమ్మలు, వంతులవారీగా ఇద్దరు మగవాళ్ళను పెడితే సరిపోతుంది. దీనికి ఏ అకాడమీ నిధులూ అక్కర్లేదు.

మన తర్వాతి సంకలనానికి ఒక ప్రతిపాదన ఉంది. రచయితల పరిచయాల్లో ఇప్పుడు పుట్టిన ఊరు, చదువు, ఉద్యోగం, వచ్చిన బహుమతులు వేస్తున్నాం. బహుమతుల చోట రెండు వాక్యాలు వేద్దాం. ఈ రచన ఏయే వేళల్లో రాశారు, అప్పుడు పిల్లల్ని ఎవరు చూశారు. ఆడవాళ్ళకూ మగవాళ్ళకూ ఒకటే ప్రశ్న, పెళ్ళి కానివాళ్ళయితే వాళ్ళ బట్టలు ఎవరు ఉతికారో రాయవచ్చు. జవాబు రాయని వాళ్ళ చోట ఖాళీ వదిలేద్దాం. ప్రెస్సు వాళ్ళను అడిగాను, దానివల్ల పేజీలు పెరగవట.